నురగ తెగిన చోటు

"మందు తగ్గించింది నేనే. మా బావ చావుకి కారణం నేనే. సంతకం కూడా పెట్టేశాను. ఇంకేం కావాలి మీకు?"

లాకప్పులో గోడకి జేరబడి కూర్చున్న మనిషి ఈ నాలుగు ముక్కలూ అప్పజెప్పి మొహం అటు తిప్పేసుకున్నాడు. మోచేతుల దాకా మసి అలాగే ఉంది. కడుక్కోవాలన్న ధ్యాస కూడా లేనట్టుంది.

బుడగలమ్మ ఊచలకి ఇవతల స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ పేరు పెట్టింది పోలీసులే. సబ్బు బుడగల మీద డాక్టరేటు చేసి, ఫోరెన్సిక్ లాబులో పెద్ద ఉద్యోగం వెలగబెట్టి, పోలీసుల రిపోర్టు తప్పని కోర్టులో బల్లగుద్ది చెప్పినందుకు ఆ ఉద్యోగం ఊడగొట్టించుకున్న మనిషి ఆవిడ. ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తోంది. వెక్కిరింతకి పెట్టిన పేరుని తీసుకెళ్ళి ఆఫీసు బోర్డు మీద రాయించుకుంది. అదీ ఆవిడ తిక్క.

కేసు చూస్తే చిన్నదే. నిన్న మధ్యాహ్నం, రంగుల్లో కలిపే థిన్నరు నిలవచేసే యార్డులో మంటలు లేచాయి. థిన్నరు మంట నీళ్ళకి లొంగదు, నురగ దుప్పటి కప్పి ఊపిరాడకుండా చెయ్యాలి. ఆ దుప్పటి కప్పింది ఇప్పుడు లాకప్పులో ఉన్న మనిషి, నురగబండి ఆపరేటరు. ఆ నురగలో నడుచుకుంటూ వెళ్ళి వాల్వు కట్టెయ్యబోయింది ఫైరాఫీసరు. సగం దారిలో ఆయన కాళ్ళ కింద నురగ తెగింది. మంట పైకి లేచింది. ఆయన ఇంక బయటికి రాలేదు.

పోయిన ఫైరాఫీసరు ఈ ఆపరేటరు భార్యకి స్వయానా అన్న. ఆవిడదీ ఫైరు సర్వీసే, నిన్న అక్కడే డ్యూటీలో ఉంది. అన్న పోయిన పూటే మొగుణ్ణి పట్టుకెళ్ళారు. పొద్దున్నే బుడగలమ్మ గుమ్మంలో నిలబడి, "మా ఆయన అలాంటివాడు కాదు డాక్టరుగారూ, నాకింక ఆయనొక్కడే మిగిలాడు" అంది. రెండు గంటలకి అతన్ని కోర్టులో పెడతారు. చేతిలో ఉన్నది మూడు గంటలు.

"నూరు పాళ్ళ నీళ్ళకి నురగ మందు ఎంత కలుపుతావు?" అడిగింది బుడగలమ్మ.

"మూడు."

"నిన్న?"

"ఒకటి."

"ఎందుకట?"

"బావకీ నాకూ పడదు."

"అబద్ధం చెప్పినా గోడ కట్టినట్టు చెప్పాలయ్యా. నీ గోడ అప్పుడే కూలింది. ఒక పాలే కలిపితే నురగ మజ్జిగలా జారిపోతుంది. నిన్న మోకాలెత్తు నిలబడింది, ఫోటోలు చూశాను. ఎవర్ని కాపాడుతున్నావు?"

అతను మొదటిసారి తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా ఆవిడ ఎక్కడుంది?"

"బయట, నా కారులో."

"ఆవిణ్ణి ఆ యార్డుకి తీసుకెళ్ళకండి మేడమ్." అంతదాకా రాయిలా కూర్చున్నవాడు ఒక్క ఉదుటున లేచి ఊచలు పట్టుకున్నాడు. "మీకు దణ్ణం పెడతాను. కేసు ఓడిపోండి. నన్ను ఏ జైలుకి పంపినా ఫర్వాలేదు. ఆవిణ్ణి మాత్రం అక్కడికి..."

మాట మధ్యలో నొక్కేశాడు. మళ్ళీ గోడ దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చున్నాడు.

"అయిందా బుడగల కచేరీ?" వెనక నుంచి ఇన్‌స్పెక్టరు గొంతు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఆయన. ఆవిడ ఉద్యోగం ఊడిన కేసులో రిపోర్టు రాసిందీ ఆయనే. "ముద్దాయి ఒప్పుకున్నాడు, సంతకం పెట్టాడు. మీకింకా దురద తీరలేదా?"

"చెయ్యని తప్పు ఒప్పుకున్నవాణ్ణి చూస్తే నాకు దురదే. యార్డుకి వెళ్తున్నాను. రండి, మీకూ కాస్త గీకుతాను."

"వస్తాను. మీరేం ముట్టుకుంటారో చూడటానికైనా వస్తాను."

*

యార్డు మధ్యలో పెద్ద ఇనప ట్యాంకు. దాని చుట్టూ నడుమెత్తు సిమెంటు గట్టు. కారిన థిన్నరు ఆ గట్టు లోపలే నిలిచి కాలింది. ఎక్కడి బండ్లు అక్కడే ఉండాలని ఇన్‌స్పెక్టరు హుకుం వెయ్యడంతో రెండు బండ్లూ నిన్నటి చోటే నిలబడి ఉన్నాయి. ఒకటి నురగబండి, దాని మూతకీ పైపుకీ లక్క సీళ్ళు. రెండోది నీళ్ళబండి, దానికి ఏ సీలూ లేదు.

ఆపరేటరు భార్య కారు దిగింది. బుడగలమ్మ ఆమెని కారులోనే కూర్చోమని రెండుసార్లు చెప్పింది.

"నా మొగుడి కేసు, మా అన్నయ్య చావు. కారులో కూర్చుని ఏం చెయ్యను?" అంది ఆమె. హెల్మెట్టు చంకలో పెట్టుకునే ఉంది, నిన్నటి నుంచీ దాన్ని వదిలినట్టు లేదు.

గట్టు దగ్గర డిప్యూటీ ఎదురొచ్చాడు. ఫైరాఫీసరు తరవాతివాడు, నేటి నుంచి ఫైరాఫీసరు స్థానంలో ఉన్నవాడు. "అయ్యో చెల్లెమ్మా, నువ్వెందుకొచ్చావు?" అని నొచ్చుకుని, బుడగలమ్మ వైపు తిరిగి గొంతు మార్చాడు. "చూడండి మేడమ్, చచ్చిపోయింది మా మనిషి, చంపింది మా మనిషి. మా ఇంటి గొడవలో మీరెందుకు?"

"ఇంటి గొడవైతే మీరే తీర్చుకునేవారుగా, పోలీసులకి ఫోను చేసిందెవరు?"

"నేనే. నా బాధ్యత."

"బాధ్యత బాగానే గుర్తుంది." బుడగలమ్మ సంచిలోంచి తెల్లటి పల్లెం ఒకటి తీసి గట్టు మీద పెట్టి, సీసాలోంచి మంచినీళ్ళు పోసింది. "ఇన్‌స్పెక్టరూ, నురగబండి ట్యాంకులోంచి మీరు తీసిన శాంపిలు సీసా ఉందిగా. ఒక్క చెంచా ఇవ్వండి."

"ఒప్పుకోలు చేతిలో ఉంది, సీసా ఎందుకు నాకు? చెంచా కాదు, స్నానం చెయ్యండి."

గోధుమరంగు మందు చెంచాడు నీళ్ళలో పడింది. ముక్కుపుటాలు అదిరిపోయే కంపు. కొమ్ములూ గిట్టలూ ఉడకబెట్టి తీసిన ప్రొటీను అది, కంపు కొట్టకపోతేనే అనుమానించాలి. ఆవిడ ఒకసారి కలిపి పల్లేన్ని వదిలేసింది.

"దీన్నెవరూ కదపకండి. పావుగంట నిద్రపోనివ్వండి."

ఆ పావుగంటలో ఆవిడ గట్టు దిగి లోపలంతా తిరిగింది. చూడగా చూడగా నుదుటి మీద ముడి బిగుసుకుంది. నేల మీద గోధుమరంగు పొర ఎండి పెళుసుగా అంటుకుని ఉంది, మాడిన పాలమీగడలా. నురగ ఆఖరిదాకా నిలబడిందనడానికి అదే గుర్తు. అయితే ఒక్కచోట ఆ పొర లేదు. అక్కడ సిమెంటు నల్లగా, బోడిగా ఉంది. ఆ బోడి చోటు గట్టు అంచు దగ్గర బెత్తెడు వెడల్పుతో మొదలై, పోనుపోనూ విచ్చుకుని, వాల్వు దాకా విసనకర్ర ఆకారంలో పరుచుకుంది.

నురగబండి గొట్టం ఎడమవైపు ఉంది. విసనకర్ర పిడి కుడివైపు నుంచి వస్తోంది. కుడివైపున ఉన్నది నీళ్ళబండి.

ఆవిడ ఆ పిడి మొదట్లోకి వెళ్ళి వంగింది. గట్టు మీద మసిలో రెండు బూట్ల అచ్చులు, పక్కపక్కనే, లోతుగా దిగి ఉన్నాయి. బరువైన పైపు పట్టుకుని మడమలు తన్నిపెట్టి నిలబడినవాళ్ళవి. చిన్న పాదాలు. వాటి వెనకే ఇంకో జత, పెద్దవి.

లాకప్పులో ఆ మనిషి మింగిన మాట ఏమిటో బుడగలమ్మకి ఇప్పుడర్థమైంది. నురగ పంపు మీట దగ్గర నిలబడ్డవాడికి అన్నీ కనిపించి ఉంటాయి. నురగ ఎక్కడ తెగిందో, ఎవరి పైపు నీళ్ళు పడ్డచోట తెగిందో కళ్ళారా చూశాడు. చూసి, తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. పిచ్చిమారాజు!

నిజం చెప్తే మొగుడు బయటికొస్తాడు. అదే నిజం ఈ పిల్లని బతికున్నన్నాళ్ళూ కాలుస్తుంది. చెప్పకుండా కేసు గెలిచే దారుందా అని ఆవిడ ఒక నిమిషం నిజంగానే వెతికింది. లేదు.

ఆవిడ నీళ్ళబండి చుట్టూ తిరిగి, బంపరు సందులో ఇరుక్కున్న తడి పత్తి పోగొకటి లాగింది. తరవాత కింద గొట్టానికున్న చిన్న కుళాయి తిప్పి గ్లాసుడు నీళ్ళు పట్టింది.

"ఆ నీళ్ళెందుకు? చేతులు కడుక్కోడానికి లోపల కుళాయి ఉంది," అన్నాడు డిప్యూటీ, అడక్కుండానే.

"నిన్న ఈ బండి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"స్టేషన్నించి."

"స్టేషన్లో పత్తి పండిస్తున్నారా?" పోగు ఆయన మొహం ముందు ఆడించింది.

ఆపరేటరు భార్య అడ్డొచ్చింది. "స్టేషన్నించి కాదు మేడమ్. పొద్దుట పత్తి గోడౌన్లో మంటలైతే అక్కడికెళ్ళింది. అన్నయ్యా, మా ఆయనా, నేనూ నురగబండిలో వచ్చాం. డిప్యూటీగారు తనవాళ్ళని అక్కడే వదిలి, ఒక్కరే ఈ బండి వేసుకుని తిన్నగా ఇక్కడికొచ్చారు."

"అదే, ముందు స్టేషను, తరవాత గోడౌను. కంగారులో మర్చిపోయాను," అన్నాడు డిప్యూటీ.

"పత్తి బేళ్ళ లోపలికి నీళ్ళు ఇంకాలంటే ట్యాంకులో ఏం కలుపుతారమ్మా?"

"సబ్బు మందు." ఆమెకి ఇది రోజూ చేసే పని, తడుముకోకుండా చెప్పింది. "కలిపిన బండికి పంపు పిడి మీద ఎర్రగుడ్డ కడతాం. ట్యాంకు రెండుసార్లు నింపి ఒంపి కడిగితేగానీ గుడ్డ విప్పకూడదు. గుడ్డ ఉన్న బండి నురగ దగ్గరికి రాకూడదు. మా అన్నయ్య పెట్టిన రూలే అది. పోయిన వారం ఈ డిప్యూటీగారు ట్యాంకు కడక్కుండా గుడ్డ విప్పేశారని అందరి ముందూ కడిగేశాడు. వచ్చే నెల నుంచి బండి నీ చేతికివ్వను అన్నాడు."

"నిన్న గుడ్డ ఉందా?"

"లేదు. నేను చూసే..." ఆమె ఆగిపోయింది.

"ఏవిటిదంతా?" ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. "గుడ్డలూ పత్తీ! మీరేమైనా బట్టల కొట్టు పెడుతున్నారా? ఈ యార్డు కాపలా ఎత్తేశాను, కేసు మూసేశాను, నాకు కోర్టుంది."

"మూసిన దాని మీద మూత సరిగ్గా పడిందో లేదో చూసుకుని వెళ్ళండి. రండి, పల్లెం లేచింది."

*

ఆవిడ సంచిలోంచి పౌడరు డబ్బా తీసింది. "మేకప్పా?" అని ఇన్‌స్పెక్టరు ఇకిలించాడు. ఆవిడ ఆ పౌడరుని పల్లెంలోని నీళ్ళ మీద పల్చగా చల్లింది.

"ఊదండి."

"నేనా?"

"మీ దగ్గర గాలికేం లోటు? ఊదండి."

ఇన్‌స్పెక్టరు బుగ్గలు పూరించి ఊదాడు. పౌడరు జరగలేదు. ఇంకా గట్టిగా ఊదాడు. నీళ్ళ మీద సన్నటి ముడతలు పడ్డాయిగానీ పౌడరు ఉన్నచోటే ఉంది.

"నీళ్ళకి చర్మం కట్టింది," అంది ఆవిడ. ఇంతసేపూ లేని నెమ్మది ఇప్పుడొచ్చింది గొంతులోకి. "గాలి తగిలే చోటు, ఆ పైపొర, అక్కడికి ప్రొటీను నింపాదిగా వస్తుంది. వచ్చి, ఉండచుట్టుకుని ఉన్నది కాస్తా విచ్చుకుని, పక్కదాని చెయ్యి పట్టుకుంటుంది. అలా అన్నీ చేతులు పట్టుకుంటే ఈ చర్మం. నురగలో ప్రతి బుడగకీ ఇదే చర్మం. అందుకే మోకాలెత్తు నిలబడుతుంది, మనిషిని తనలో నడవనిస్తుంది. ఇది నిన్నటి మందే, మీరు సీలు వేసిన ట్యాంకులోదే. ఇందులో లోపముందా?"

"లేదు సరే. అయితే నురగ ఆపేశాడు."

"ఆపితే దుప్పటి అన్ని వైపులా తగ్గాలి, ఒక్క విసనకర్ర ముక్క మాయమవదు. ఇప్పుడు చూడండి." అగ్గిపుల్ల ఒకటి నీళ్ళబండి గ్లాసులో ముంచింది. "సబ్బు చిన్నది, చురుకైనది. గబగబా పైకొస్తుంది, సందు దొరికితే చాలు దూరుతుంది. వచ్చినది ఎవరి చెయ్యీ పట్టుకోదు. పట్టుకున్న చేతుల్ని విడదీస్తుంది."

పుల్ల కొస పల్లెం మధ్యలో తాకింది.

పౌడరు ఒక్కసారిగా అంచులకి పారిపోయింది. చర్మం చీలికలై పక్కలకి పోయింది, మధ్యలో బోసి నీళ్ళు తేలాయి. ఇన్‌స్పెక్టరు తనంతట తనే వంగి ఊదాడు. మిగిలిన పౌడరు ఆ ఊపిరికే గిరగిరా తిరిగింది.

ఆయన తల తిప్పి బండి కేసి చూశాడు. "అంటే... నీళ్ళబండిలో..."

"కడగని సబ్బునీళ్ళు. నడిచే మనిషికి వేడి తగలకుండా పక్కనుంచి నీళ్ళ జల్లు కొట్టడం వీళ్ళ పద్ధతి. ఆ జల్లే ఆయన కింద దుప్పటిని చించింది. కంచే చేను మేసింది. మీరు కంచెని వదిలేసి చేనుకి సీలు వేశారు."

"ఆ పైపు పట్టిందెవరు?" ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు. "చెప్పండి, ఆ పైపు ఎవరి చేతిలో ఉంది?"

బుడగలమ్మ ఆపరేటరు భార్య వైపు చూడకుండా పల్లెం కేసి తల దించుకుంది. ఆ చూపు తప్పించడమే జవాబైంది.

"నేనే," అంది ఆపరేటరు భార్య.

ఇన్‌స్పెక్టరు ఆమె వైపు తిరిగాడు.

"నేనే పట్టాను. పిడి మీద గుడ్డ లేదని చూసుకునే పట్టాను. పొగలో, అంత నురగ మధ్యలో, నీళ్ళలో సబ్బుందో లేదో ఏం తెలుస్తుంది?" ఆమె గొంతు ఎక్కడో దూరాన్నుంచి వస్తున్నట్టుంది. "అన్నయ్య వెనక్కి తిరిగి నాకేసి చెయ్యెత్తాడు. ఇంకా కొట్టమంటున్నాడనుకుని ఇంకా కొట్టాను. వద్దన్నాడా? డాక్టరుగారూ, వద్దన్నాడా?"

బుడగలమ్మ ఆమె భుజం పట్టుకుంది. "తప్పు పైపు పట్టినదాని మీద ఉండదమ్మా, గుడ్డ విప్పినవాడి మీద ఉంటుంది. బాగా గుర్తు తెచ్చుకో. ఈ జల్లు తల మీదుగా కొడతారు కదా. నువ్వు కింద ఎందుకు కొట్టావు? పొర లేచిపోయింది నేల మీద."

ఆమె కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.

"కొట్టమన్నారు. నా వెనకే నిలబడి, భుజం మీద చెయ్యేసి, 'కాళ్ళ మీద కొట్టు చెల్లెమ్మా, కాళ్ళ మీద' అన్నారు. మూడుసార్లు అన్నారు."

చిన్న అచ్చుల వెనక పెద్ద బూట్ల అచ్చులు. ఇన్‌స్పెక్టరు గిర్రున తిరిగి చూశాడు. ఇందాకటిదాకా అక్కడ నిలబడ్డ డిప్యూటీ లేడు.

అప్పుడే వినిపించింది, నీళ్ళబండి అవతల నుంచి, సిమెంటు మీద ధారగా నీళ్ళు పడుతున్న చప్పుడు.

"ఏయ్!" అని ఇన్‌స్పెక్టరు అరిచేలోపు ఆపరేటరు భార్య పరుగెత్తింది. అంత బరువు బూట్లతో మనిషి అలా పరుగెత్తగలదని బుడగలమ్మకి తెలీదు. బండి అడుగున పెద్ద మూత తెరుచుకుని ఉంది, కాలవలోకి నీళ్ళు దూకుతున్నాయి. డిప్యూటీ మీట మీద చెయ్యి అలాగే ఉంచి, "బండి స్టేషనుకి తీసుకెళ్ళాలి, బరువెందుకని..." అని నసిగాడు.

ఆమె అతన్ని భుజంతో ఒక్క తోపు తోసింది. అతను వెనక్కి పడ్డాడు. అతను లేవబోతే ఇన్‌స్పెక్టరు మోకాలు అతని గుండెల మీద పడింది. డిప్యూటీ జేబులోంచి సగం బయటికొచ్చిన ఎర్రగుడ్డని బుడగలమ్మ రెండు వేళ్ళతో పట్టి లాగింది.

"పారెయ్యడానికి కూడా బద్ధకమేనన్నమాట," అంది.

ఆపరేటరు భార్య ధార కింద హెల్మెట్టు పట్టింది. అది నిండాక మీట బిగించి, రెండు చేతులతో దాన్ని మోసుకుంటూ వచ్చి ఇన్‌స్పెక్టరు ముందు నిలబడింది. హెల్మెట్టులో తెల్లటి నురగ పొంగి అంచుల మీదుగా ఆమె వేళ్ళ మీదికి జారుతోంది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. వేలితో తాకితే ఇట్టే తెగిపోయే నురగ.

"దీనికి సీలు వెయ్యండి," అంది.

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "వేస్తానమ్మా. మీ ఆయన సంగతి నేను చూస్తాను. నువ్వు వెళ్ళి కూర్చో. నీ స్టేట్‌మెంటు తరవాత..."

"ఇప్పుడే రాసుకోండి. పైపు పట్టింది చెల్లెలని రాయండి. ఆ మాట దాచడానికే ఆయన అక్కడ కూర్చున్నాడు. అది రాస్తేనే బయటికొస్తాడు." ఆమె హెల్మెట్టు కింద పెట్టలేదు. నురగ కొంచెం కొంచెంగా కారుతూనే ఉంది. "నేను కోర్టుకొచ్చి చెప్తాను. ఆయన ఎదురుగానే చెప్తాను. నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలియాలి."